పక్కన ఇంకో గిన్నె

ఇటలీలో బొలోన్యా అనే ఊరుంది. ఆ ఊరికి ఇటలీవాళ్లు మూడు ముద్దుపేర్లు పెట్టుకున్నారు. చదువుల ఊరు, ఎర్ర ఊరు, బలిసిన ఊరు. చదువుల ఊరు ఎందుకంటే అక్కడి విశ్వవిద్యాలయం 1088లో పుట్టిందని లెక్క. యూరప్‌లో అంత పాతది ఇంకోటి లేదంటారు. ఎర్ర ఊరు ఎందుకంటే గోడలూ కప్పులూ ఇటుక రంగువి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు ఆ ఊరిని ఏలింది కమ్యూనిస్టులు కూడా. ఇక బలిసిన ఊరు ఎందుకంటే తిండి.

ఆ ఊళ్లో నాలుగు రోజులున్నాను. తిరిగొచ్చాక "ఏం చూశావు?" అని అడిగినవాళ్లకంటే "ఏం తిన్నావు?" అని అడిగినవాళ్లే ఎక్కువ. హిందూ మిత్రులు నవ్వుతూ అడిగారు. మావాళ్లు అనుమానంగా అడిగారు. ఒకరికి నేను అంతా తిని ఉంటే సంతోషం. ఇంకొకరికి ఏమీ తినకుండా ఉంటే సంతోషం. ఈ రెండు సంతోషాల మధ్య ఇరుక్కున్న కడుపు గురించే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ ఊరి తిండి సంగతి. బొలోన్యా బజార్లో నడుస్తుంటే కొట్ల కప్పుల నుంచి పంది తొడలు వరసగా వేలాడుతుంటాయి. మోర్టడెల్లా అని ఒకటుంది. పంది మాంసాన్ని మెత్తగా రుబ్బి, మధ్యమధ్య తెల్లటి కొవ్వు ముక్కలు కలిపి, పెద్ద దిండంత చేసి ఉడికిస్తారు. టోర్టెల్లినీ అని ఇంకోటి. పల్చటి పిండి ముక్కలో చిటికెడు మాంసం పెట్టి ఉంగరంలా మడిచి, వేడివేడి షోర్బాలో వేసి ఇస్తారు. ఆ చిటికెడులో ఉండేది పంది మాంసం, ఉప్పులో ఆరబెట్టిన పంది తొడ, మోర్టడెల్లా, పర్మిజానో చీజు, గుడ్డు, జాజికాయ. ఈ లెక్కను 1974లో ఆ ఊరి వాణిజ్య మండలిలో దస్తావేజులా దాఖలు చేసి పెట్టారు. కైమాతో చేసే రాగూలో గొడ్డు మాంసంతోపాటు పంది మాంసం పడుతుంది. నూనెలో తేలుతున్నట్టు కనిపించే పొంగిన రొట్టె ముక్కలుంటాయి. పాత పద్ధతిలో అయితే అవి వేగేది నూనెలో కాదు, పంది కొవ్వులో. పక్క జిల్లాల రొట్టె పియాదీనా పిండిలో కూడా పాతకాలం నుంచి పడేది ఆ కొవ్వే.

మాంసం లేనివి లేవా? ఉన్నాయి. టోర్టెల్లినీ అన్నలాంటిది టోర్టెల్లోనీ. కాస్త పెద్దది. లోపల రికోటా అనే పాల విరుగుడు, కొత్తిమీర లాంటి ఆకు. పైన వెన్న. దాని మీద పర్మిజానో తురుముతారు. ఆ చీజు చేయడానికి పాలను విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో. ఆ దూడ జిబహ్ అయిందా లేదా? ఉలేమాల్లో కొందరు ఫరవాలేదన్నారు, కొందరు వద్దన్నారు. ఇలా తవ్వుకుంటూ పోతే తిండి ముందర కూర్చున్నవాడికి ఫత్వాలు తప్ప ముద్ద దొరకదు.

మరి ఏం చేయాలి? నాకు కనిపించిన దారులు మూడు. రూములో కూర్చుని రొట్టె, పళ్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి తినడం. హలాల్ బోర్డున్న కబాబు కొట్టు వెతుక్కోవడం. లేదా ఊరివాళ్లు తినే హోటల్లో కూర్చుని, ఇందులో ఏముంది, అందులో ఏముంది అని అడిగి అడిగి తినగలిగింది తినడం.

మొదటి దారి గురించి ఒక మాట. మన తెలుగువాళ్లు గుంపుగా యూరప్ యాత్రకు వెళ్తే పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, పులిహోర పేస్టు లేకుండా విమానం ఎక్కరు. రోమ్‌లోనో వెనిస్‌లోనో "ఇందులో మాంసం లేదు కదా, గుడ్డు లేదు కదా" అని పదిసార్లు అడుగుతారు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆచారం అంటారు, నిష్ఠ అంటారు, మన రుచి మనది అని మురిసిపోతారు. అదే పని ఒక సాయిబు చేస్తే? "ఎక్కడికెళ్లినా మీ మతం మీదే" అంటారు. శాకాహారి అడిగితే శుచి, ముసల్మాను అడిగితే మతఛాందసం. రెండూ ఒకే ప్రశ్న. అడిగిన నోరు మారితే ప్రశ్నకు పేరు మారిపోతోంది.

అభ్యుదయవాది అయిన మిత్రుడొకాయన వేరే రకంగా అన్నాడు. "నువ్వు రాస్తావు, చదువుకున్నావు, నమాజు కూడా సరిగా చదవవు. అక్కడ ఎవరు చూస్తారు? ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది?" ఆయన ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ మాటలో ఒక పరీక్ష ఉంది. నేను మారిన ముసల్మానునని రుజువు చేసుకోవాలంటే పంది మాంసం తినాలి. ఆయన అభ్యుదయానికి అలాంటి పరీక్ష ఏదీ లేదు. ఆయన పెద్దకూర ముట్టడు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు, అడిగే అవసరం రాలేదు. ఆయనకు పడదు, అంతే. నాకు కూడా పడదు, అంతే, అని నేనంటే మాత్రం సరిపోదు. నాకు పడకపోవడానికి కారణం చెప్పాలి, ఆ కారణం శాస్త్రీయంగా ఉండాలి, లేకపోతే సిగ్గుపడాలి. ఎవరూ చూడని చోట కూడా మనిషి కొన్ని పనులు చేయడు. అమ్మీ పెట్టిన మొదటి ముద్దతోపాటు వచ్చిన సంగతులవి. వాటిని మోయడం మతఛాందసమైతే, ప్రపంచంలో ఛాందసుడు కానివాడు ఎవడూ లేడు.

రెండో దారి కబాబు కొట్టు. బొలోన్యా రైల్వే స్టేషన్‌కు అవతల బొలోన్యీనా అనే పేట ఉంది. వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే చోటు. అక్కడ ఒక కొట్లో ఇనుప కడ్డీకి గుచ్చిన మాంసం తిరుగుతోంది. గోడ మీద హలాల్ అని అరబ్బీ అక్షరాలు. మాంసం కోస్తున్నవాడు బంగ్లాదేశ్ కుర్రాడు. "ఇది మీ దేశం వంటేనా?" అంటే నవ్వాడు. "నహీ భాయ్, హమారా ఖానా తో మఛ్లీ చావల్. యే తో తుర్కీ కా హై. యహా ఆకే సీఖా" అన్నాడు. అతని ఇంట్లో చేప, అన్నం. కొట్లో మాత్రం తుర్కీ కబాబు. ఎందుకంటే ఆ ఊరివాళ్ల కంటికి ముసల్మాను తిండి అంటే కబాబే. వాళ్లు ఏది గుర్తుపడితే అదే అమ్మాలి, అదే అయిపోవాలి.

ఈ మాట విన్నాక మన సంగతే గుర్తొచ్చింది. మనల్ని కూడా బిర్యానీ అనే ఒక్క పళ్లెంలో సర్దేశారు కదా! రంజాన్ వస్తే హలీమ్, పెళ్లికి బిర్యానీ, ఖీర్. పత్రికల్లో మన బొమ్మ అంతవరకే. జొన్నరొట్టె, పచ్చిపులుసు, గోంగూర, ఖట్టీ దాల్, నెలాఖరుకి ఒట్టి కారం మెతుకులు తినే మన ఇళ్లు ఏ పండగ సంచికలోనూ కనిపించవు. నవాబుల వంటకం మనకి అంటగట్టి, మన పేదరికాన్ని మన వంటింట్లోంచి కూడా మాయం చేశారు.

ఆ కబాబు అయినా ఇటలీలో ప్రశాంతంగా తిరగనిచ్చారా? లుక్కా అనే ఊళ్లో 2009లో ఒక నిబంధన చేశారు. కోటగోడల లోపలి పాత ఊళ్లో వేరే జాతుల తిండి పెట్టే కొత్త హోటళ్లు తెరవకూడదు. వెరోనాలో 2016లో అలాంటిదే ఇంకో ఉత్తర్వు. వెనిస్‌లో 2017లో కబాబులాంటి, పొట్లం కట్టించుకుని నడుస్తూ తినే తిండి కొట్లు కొత్తగా రాకుండా ఆపారు, ఐస్‌క్రీముకు మాత్రం మినహాయింపు. కారణాలు అడిగితే ఊరి అందం, సంప్రదాయం, వంటల సంస్కృతి. నిజమే, చెత్త పెరిగితే ఏ ఊరివాళ్లకైనా కష్టమే. వెనిస్ నిబంధన పిజ్జా ముక్కలు అమ్మే కొట్లకూ తగిలింది. కానీ లుక్కా నిబంధన చెత్త గురించి మాట్లాడలేదు. జాతి గురించి మాట్లాడింది.

ఏది ఆ దేశపు అసలు తిండి? టమాటా లేకుండా ఇటలీ వంట ఊహించలేం. టమాటా అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో వచ్చింది. ఎండబెట్టిన సేమ్యాల సంగతి చూడండి. 1154లో అల్ ఇద్రీసీ అనే ముసల్మాను భూగోళ శాస్త్రవేత్త సిసిలీని ఏలే క్రైస్తవ రాజు రోజర్ కొలువులో కూర్చుని పుస్తకం రాశాడు. పలెర్మో దగ్గర త్రాబియా అనే ఊళ్లో సేమ్యాలు విపరీతంగా చేసి, ముసల్మానుల దేశాలకూ క్రైస్తవుల దేశాలకూ ఓడల్లో పంపుతారని అందులో ఉంది. వాళ్లు చక్కెరను జుక్కెరో అంటారు, నిమ్మను లిమోనే అంటారు. రెండూ అరబ్బీ నుంచి వెళ్లినవే. నారింజను అరాంచా అంటారు. ఆ మాట మన దేశంలో బయల్దేరి పారసీకం, అరబ్బీ మీదుగా అక్కడికి చేరింది. మనం నారింజ అంటున్నాం, వాళ్లు అరాంచా అంటున్నారు, మధ్యలో మోసుకెళ్లినవాడు అరబ్బు. మోసుకొచ్చిన సరుకు మాత్రం కోటలోపల ఉండొచ్చు, మోసుకొచ్చినవాడి మనవడి కొట్టు ఉండకూడదు!

మిరపకాయ లేని ఆంధ్ర భోజనం ఉందా? అదీ పోర్చుగీసువాళ్ల ఓడలో వచ్చిందే. ఎవరి వంటిల్లు తెరిచి చూసినా నలుగురు పరాయివాళ్లు కూర్చుని ఉంటారు.

బొలోన్యాలో 2019లో జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ ఊరి రక్షక సాధువు శాన్ పెట్రోనియో. అక్టోబర్ 4న ఆయన పండగ. ఆయన పేరుతో ఊరి నడిబొడ్డున పెద్ద చర్చి ఉంది. ఆ చర్చిలో ఒక పక్క గదిలో, 15వ శతాబ్దం మొదట్లో జొవాన్నీ దా మొదేనా అనే చిత్రకారుడు వేసిన నరకం బొమ్మ ఉంది. దాంతే కావ్యాన్ని అనుసరించి, మా ప్రవక్తను ఆ నరకంలో వేశాడు. నాలాంటివాడు ఆ చర్చి మెట్ల మీద నిలబడితే ఏమనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. అయితే అదే సాధువు పండగకి, 2019లో నిర్వాహకులు ఒక పని చేశారు. మామూలు టోర్టెల్లినీతోపాటు, పంది మాంసం తిననివాళ్ల కోసం కోడి మాంసంతో చేసినవి కూడా పెడతామన్నారు. స్వాగతపు టోర్టెల్లినీ అని పేరు పెట్టారు. ఆరు వందల ఏళ్ల కిందటి గోడ మీది బొమ్మ, నేటి పళ్లెంలోని ఈ కోడి ముక్క, రెండూ ఒకే చర్చి నీడలోవే. రెండో దాన్ని చూడకుండా మొదటిదాని గురించే మాట్లాడితే నేను సగం అబద్ధం చెప్పినట్టే.

దాని మీద ఎంత గొడవ! మితవాద నాయకుడు సాల్వీనీ దగ్గర నుంచి చాలామంది లేచారు. మా చరిత్రను చెరిపేస్తున్నారు, మా సంస్కృతిని తాకట్టు పెడుతున్నారు అన్నారు. గమనించండి, పంది మాంసం టోర్టెల్లినీని ఎవరూ తీసెయ్యలేదు. దాని పక్కన ఇంకో గిన్నె పెట్టారు, అంతే. ఇక చరిత్ర అంటారా? ఇటలీ వంటకు పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం ఆర్తూసీ రాసింది. 1891లో అచ్చయింది. అందులో బొలోన్యా పద్ధతి టోర్టెల్లినీ పక్కనే పావురం మాంసంతో చేసే టోర్టెల్లినీ కూడా ఉంది. 1974లో దస్తావేజు రాయించుకోవడానికి దశాబ్దాల ముందే ఆ పిండి ఉంగరంలో పిట్ట మాంసం ఉంది. పావురం పెట్టినప్పుడు పోని సంస్కృతి కోడి పెడితే ఎందుకు పోయింది? పావురం ఎవరికోసమూ పెట్టింది కాదు. కోడి మాత్రం మనకోసం పెట్టారు. అసలు అభ్యంతరం అక్కడుంది. కోడి మీద ఎవరికీ కోపం లేదు. ఆ కోడిని తినడానికి వచ్చి కూర్చునేవాడి మీద కోపం.

ఈ గొడవ చదువుతుంటే నాకు మన పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. తెలుగునాట ఏ ముసల్మాను ఇంట పెళ్లయినా, దావత్‌లో ఒక మూల వేరే పందిరి ఉంటుంది. హిందూ స్నేహితుల కోసం శాకాహారం. వేరే పొయ్యి, వేరే గిన్నెలు, చాలాచోట్ల వేరే వంటమనిషి కూడా. ఆ వంటమనిషి ఎవరో వచ్చినవాళ్లకి ముందే చెప్పి నమ్మిస్తాం. అప్పు చేసి పెళ్లి చేసే అబ్బా కూడా ఆ పందిరి మానడు. మానితే తల తీసేసినట్టు భావిస్తాడు. తరతరాలుగా మనం పెడుతున్న స్వాగతపు టోర్టెల్లినీ అదే. దానికి పేరు లేదు, పత్రికల్లో రాలేదు, దానివల్ల మా సంస్కృతి చెరిగిపోయిందని ఏ మౌల్వీ గోల చేయలేదు.

అటు నుంచి కూడా ఉండేది. తెలంగాణ పల్లెల్లో పండగకో జాతరకో యాటను కోసేటప్పుడు ముల్లాను పిలిచి హలాల్ చేయించే అలవాటు పాతది. ఊళ్లో సాయిబులు కూడా తినాలి కదా అని. ఎవరికీ అది లొంగిపోవడంలా అనిపించలేదు. కర్నాటకలో 2022 ఉగాది సమయానికి హలాల్ మాంసం కొనొద్దని కరపత్రాలు పంచేదాకా వచ్చాం.

ఇక్కడ ఒక ప్రశ్న నన్నే నిలదీస్తుంది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కాఁవడ్ యాత్ర దారిలో ఉన్న హోటళ్లు, పళ్ల బండ్లు యజమానుల పేర్లు రాసి పెట్టాలన్నారు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఏ రకం తిండి పెడుతున్నారో చెప్పించవచ్చు గానీ, ఎవరు పెడుతున్నారో పేరు రాయమని బలవంతపెట్టడానికి లేదంది. గిన్నెలో ఏముందని అడగడం వేరు, గరిటె ఎవరి చేతిలో ఉందని అడగడం వేరు. నేనూ అదే అంటాను. అయితే వెంటనే ఎవరైనా అడగొచ్చు: "మరి హలాల్ కూడా కోసిన చెయ్యి ఎవరిదని అడుగుతుంది కదా?"

అడుగుతుంది. దాచను. కానీ ఆ అడగడం మాంసం దగ్గరే ఆగుతుంది. వండినవాడి మతం, వడ్డించినవాడి కులం, అమ్మినవాడి పేరు దాకా పోదు. కాయగూర ఎవరు పండించినా, రొట్టె ఎవరు కాల్చినా, నీళ్లు ఎవరు పోసినా తినొచ్చు, తాగొచ్చు. యూదులు, క్రైస్తవుల తిండి మీకు ధర్మసమ్మతమే అని ఖురాన్ తలుపు తెరిచే ఉంచింది. మనిషి తాకితే తిండి మైలపడుతుందన్న ఊహ మా ధర్మంలో లేదు. ఎవరైనా ముసల్మాను హలాల్‌ను ఆ మైల దాకా లాక్కెళ్తే, వాడు మన దేశపు అంటరానితనాన్ని అరబ్బీలో చదువుతున్నట్టు లెక్క.

అలా చదివేవాళ్లు మనలో లేరా? ఒకే దస్తర్ఖాన్ మీద, ఒకే తబక్‌లో అమీరూ గరీబూ కలిసి తింటామని గొప్పలు చెప్పుకుంటాం. దూదేకుల ఇంటి దావత్‌కి వెళ్లి నీళ్లు తాగి వచ్చే షేకులు, సయ్యదులు ఎంతమంది లేరు! మెహతర్ ఇంట్లో ఎంతమంది తిన్నారు? లుక్కా కోటగోడను తప్పు పట్టే ముందు ఈ గోడ మీద కూడా చెయ్యి వెయ్యాలి.

ఇంకో సంగతి. తినమన్న చోట ఖురాన్ హలాల్ అని ఒక్క మాటతో ఊరుకోలేదు. తయ్యిబ్ అని ఇంకో మాట జోడించింది. మంచిది, శుభ్రమైనది అని. మనవాళ్లు మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశారు. పర్మిజానో చీజుకి పాలిచ్చే ఆవుల కొట్టాల్లో పనిచేసేవాళ్లలో పంజాబు నుంచి వెళ్లిన సిక్కులు ఎందరో. ఆ పక్క నోవెల్లారా అనే చిన్న ఊళ్లో 2000లో పెద్ద గురుద్వారా కూడా కట్టుకున్నారు. దక్షిణాన టమాటాలు కోసేది ఆఫ్రికా నుంచి వచ్చిన నల్లవాళ్లు, ముఠా మేస్త్రీల కింద, ఎండలో, గుడిసెల్లో ఉంటూ. ఆ మేస్త్రీల దోపిడీని ఆపడానికి 2016లో ఇటలీ ఒక చట్టమే చేయాల్సొచ్చింది. అయినా 2024 జూన్‌లో రోమ్‌కు దక్షిణాన లతీనా జిల్లాలో పంజాబు కూలీ ఒకడి చెయ్యి యంత్రంలో పడి తెగిపోతే, యజమాని ఆస్పత్రికి తీసుకుపోకుండా ఇంటి ముందు పడేసి పోయాడు. రెండు రోజులకు ఆ కూలీ చనిపోయాడు. చీజులో దూడ కడుపు గురించి ఫత్వా అడిగే మనం, పొలంలో తెగిపడిన చెయ్యి గురించి ఎవర్ని అడగాలి? ఆ టమాటా హలాలే. తయ్యిబేనా?

ఇదంతా బొలోన్యాలో హోటల్ ఎంచుకోవడానికి ఏం సాయపడుతుంది? నా వరకు సాయపడింది. నేను మూడో దారి పట్టాను. ఊరివాళ్లు కూర్చునే చోటే కూర్చున్నాను, అడిగాను. ఒక చిన్న హోటల్లో, పొంగిన రొట్టె ముక్కలు చూసి ఇవి దేంట్లో వేయించారని అడిగితే, వడ్డించే పెద్దావిడ లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చింది. పంది కొవ్వులో, మీరు తినకండి, అని చేతులతో చెప్పి, టోర్టెల్లోనీ చూపించింది. ఆమె నొచ్చుకోలేదు, నేను సిగ్గుపడలేదు. ఇంకోచోట అదే ప్రశ్నకి "అందరూ తింటున్నారుగా" అన్నారు. అక్కడి నుంచి లేచి వచ్చేశాను. కబాబు కొట్టుకీ వెళ్లాను. హలాల్ బోర్డు కోసం కొంత, ఆ కుర్రాడి దగ్గర రెండు ముక్కలు ఉర్దూ మాట్లాడదామని ఎక్కువ.

కాబట్టి ఎక్కడ తినాలి అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఎక్కడ అడగడానికి భయం లేదో, ఎక్కడ జవాబు నిజంగా వస్తుందో అక్కడ. బోర్డు ఉన్నంత మాత్రాన చాలదు, బోర్డు లేనంత మాత్రాన పారిపోనక్కర్లేదు. అందరూ ఒకే గిన్నెలో తింటేనే కలిసి తిన్నట్టు అనేవాడు మనల్ని కలుపుకోవడం లేదు, కరిగించేస్తున్నాడు. వేరే వీధికి వెళ్లి తినమనేవాడు వెలి వేస్తున్నాడు. మాకు రెండూ వద్దు. ఒకే బల్ల, పక్కన ఇంకో గిన్నె. మా పెళ్లి పందిట్లో మీకోసం ఇన్నాళ్లు పెట్టింది అదే. మీ పందిట్లో మేం అడుగుతున్నదీ అంతకంటే ఎక్కువ కాదు.